చిన్నపిల్లలకు ధ్యాస నేర్పడం ఎలా? ఒక కరివేపాకు మొక్క, ఒక బొమ్మల పుస్తకం

మూడేళ్ల పిల్ల గుమ్మం దగ్గర చతికిలబడి చీమల బారు చూస్తోంది. ఒక చీమ బియ్యపు నూకను ఈడ్చుకుపోతోంది. పిల్ల కన్ను దాని మీద నుంచి కదలడం లేదు. వెనక నుంచి మనం "చెప్పులేసుకో, ఆటో వచ్చేసింది" అంటాం. వినదు. రెండోసారి గొంతు పెంచుతాం. మూడోసారి రెక్క పట్టుకుని లేపుతాం. రెండేళ్లు గడిచాక అదే పిల్ల గురించి "దేని మీదా ధ్యాస పెట్టదండీ, ఒక్కచోట కుదురుగా కూర్చోదు" అని చెప్పుకుంటాం.

నేను ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలకు కథలు చదువుతుంటాను. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు వాళ్లు వస్తారు. వాళ్లతో కూర్చోగా కూర్చోగా నాకు ఒక సంగతి గట్టిగా తెలిసింది. పిల్లలకు ధ్యాసను మనం కొత్తగా తెచ్చి ఇవ్వక్కర్లేదు. వాళ్ల దగ్గర ఉన్నదాన్ని మధ్యలో తెంపకుండా ఉంటే సగం పని అయినట్టే. కింద చెప్పేవన్నీ ఆ సగం పనికి, మిగిలిన సగానికి పనికొచ్చే పద్ధతులు.

మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన నొప్పులతో, ఒత్తిడితో బాధపడేవాళ్ల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఆ తర్వాతే అది ప్రపంచమంతా పాకింది. దాని వేరు మాత్రం బౌద్ధంలో ఉంది. పాళీలో సతి అన్నా, సంస్కృతంలో స్మృతి అన్నా, ఇప్పుడు జరుగుతున్నదాని మీద ఎరుక కలిగి ఉండడమే. పెద్దవాళ్లు కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తారు. నాలుగేళ్ల పిల్లవాణ్ని అలా కూర్చోబెడితే నిమిషంలో పక్కవాణ్ని గిల్లుతాడు. వాడికి కళ్లు తెరిచి చేసేది, చేత్తో తాకేది కావాలి. మొక్కలూ పురుగులూ పిట్టలూ బొమ్మల పుస్తకాలూ ఇక్కడే పనికొస్తాయి.

ముందు మీరు కూర్చోండి

రోజూ ఒకే చోట, ఒకే వేళకు, పది నిమిషాలు కేటాయించండి. ఫోన్ లోపల పెట్టి రండి. సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకుంటే సరిపోదు, చెయ్యి అటే పోతుంది.

మొదటి మూడు రోజులు పిల్లలకు ఏమీ చెప్పకండి. మీరే వెళ్లి బాల్కనీలోనో పెరట్లోనో డాబా మీదో కూర్చుని దేన్నో ఒకదాన్ని నిజంగా చూడండి. కాసేపటికి వాళ్లే వచ్చి "అమ్మా, ఏం చూస్తున్నావ్?" అంటారు. "ఈ పువ్వులో ఏదో తిరుగుతోంది నాన్నా" అనండి. అంతకు మించి వద్దు. "రా, కూర్చో, చూడు" అన్న మరుక్షణం అది హోంవర్క్ అయిపోతుంది.

ఎండాకాలం అయితే పొద్దున్నే, లేదంటే సాయంత్రం ఎండ వాలాక కూర్చోండి. స్కూలు రోజుల్లో సాయంత్రమే నయం. పొద్దున హడావిడిలో మన కళ్లు గడియారం మీదే ఉంటాయి, ఆ టెన్షన్ పిల్లలకు వెంటనే అంటుకుంటుంది.

మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల ఉంది. అక్కడ పిల్లలు సాయంత్రం పూట ఒకచోట కూర్చుని మాట్లాడకుండా పొద్దు వాలడం చూసే అలవాటు ఉంది. దాన్ని అస్తాచల్ అంటారు. కొండలు మనకు లేకపోయినా డాబా మీద ఆకాశం ఉంటుంది. వారానికి ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ అలా కూర్చోండి. పిల్లవాడు మధ్యలో లేచి పరిగెత్తితే పరిగెత్తనివ్వండి. మీరు కూర్చునే ఉండండి, తిరిగి వస్తాడు. నేను చూసినంతలో మూడేళ్లవాళ్లు రెండు నిమిషాలు నిలిస్తే గొప్ప, ఆరేళ్లవాళ్లు ఏడెనిమిది నిమిషాలు ఉంటారు. నచ్చినది దొరికితే ఈ లెక్కలేవీ ఉండవు.

నాలుగు కుండీలు చాలు

ఊళ్లో పెరడు ఉన్నవాళ్లకు చెప్పాల్సింది లేదు. ఫ్లాట్‌లో ఉండేవాళ్లు ఈ నాలుగు పెట్టుకోండి: కరివేపాకు, అత్తిపత్తి, చంద్రకాంత, ఒక వెడల్పాటి డబ్బాలో మెంతులు. మెంతులు నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలక కనిపిస్తుంది, ఓపిక తక్కువ ఉన్న పిల్లలకు అదే మొదటి పాఠం. చంద్రకాంత పూలు సాయంత్రం నాలుగైదు గంటల వేళకు విచ్చుకుంటాయి. స్కూలు నుంచి వచ్చిన పిల్లకు "ఇవాళ విచ్చుకుందా లేదా చూసి చెప్పు" అని ఒక పని దొరుకుతుంది. రోజూ మొగ్గ వదులవడం దగ్గరుండి చూసిన పిల్లకు సమయం అంటే ఏమిటో గడియారం కన్నా ముందే తెలుస్తుంది.

నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కలకు మందు కొట్టి ఉండవచ్చు. కొన్ని వారాలపాటు ఆకులు నోట్లో పెట్టుకోనివ్వకండి. ఆ తర్వాత ఇంట్లో మీరు మందు కొట్టకండి, ఎందుకో కరివేపాకు దగ్గర చెబుతాను.

చెవులతో మొదలుపెట్టండి

చూడమంటే పిల్లలు పది వైపులకు చూస్తారు. వినమంటే తొందరగా కుదురుకుంటారు. అందుకే మొదటి వారం చెవులకే ఇవ్వండి.

పిడికిలి మూసి కూర్చోండి. ఒక కొత్త చప్పుడు వినిపించినప్పుడల్లా ఒక వేలు తెరవాలి. ఐదు వేళ్లూ తెరుచుకున్నాక ఆట అయిపోయింది. కళ్లు మూసుకోమని బలవంతం వద్దు, కొంతమంది పిల్లలకు భయం. చప్పుళ్లలో మంచివీ చెడ్డవీ ఏరకండి. గోరింక అరుపు ఎంతో, పక్కింటి కుక్కర్ విజిల్ అంతే. బోరు మోటారు ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దాన్ని కూడా ఒక చప్పుడుగా లెక్కపెట్టిన పాప మా దగ్గర ఉంది. ఐదో వేలు దానికే తెరిచింది.

తర్వాత రోజుల్లో ప్రశ్న కొంచెం మార్చండి. అన్నిటికన్నా దూరంగా వినిపించింది ఏది? అన్నిటికన్నా చిన్నది? మీకూ ఒక చప్పుడు దొరికితే చెప్పండి, పిల్లలు మీ దాన్ని పట్టుకోవడానికి ఇంకా గట్టిగా వింటారు.

అత్తిపత్తితో ఆగడం

ముట్టుకుంటే ముడుచుకునే ఆకు చూసి సంబరపడని పిల్లలు ఉండరు. అందరూ ఆగిపోయేది అక్కడే. ముడిచి, నవ్వి, ఇంకో ఆకు ముడిచి వెళ్లిపోతారు. అసలు విషయం ఆ తర్వాత ఉంది.

ఒక్క రెమ్మను ఒక్కసారి తాకనివ్వండి. "ఇప్పుడు ఇది మళ్లీ ఎప్పుడు తెరుచుకుంటుందో చూద్దాం" అని పక్కన కూర్చోండి. కొన్ని నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి పావుగంట దాటుతుంది. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఆకుల మధ్య సన్నని సందు కనిపిస్తుంది. ఈలోగా చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఊపిరి లోపలికి వెళ్తే పొట్ట ఎలా పైకి లేస్తుందో చూపించండి. ఊపిరి పాఠం ఇంతే, దీనికి వేరే పేరు అక్కర్లేదు. ఎదురుచూడడానికి ఒక కారణం ఉంది కాబట్టి పిల్లలు ఊపిరి దగ్గర ఉంటారు.

ముడుచుకుని విచ్చుకోవడానికి మొక్కకు శక్తి ఖర్చవుతుంది. ఈ సంగతి చెప్పండి. "రోజుకు ఒక్కసారే" అన్న నియమాన్ని పిల్లలు మనకన్నా కచ్చితంగా పాటిస్తారు. కాండానికి చిన్న ముళ్లుంటాయి, వేలు ఎక్కడ పెట్టాలో ముందే చూపించండి.

కరివేపాకు మీద ఒక నెల

ఈ వ్యాసంలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి.

కరివేపాకు మీదా నిమ్మ మొక్క మీదా కొన్ని రకాల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. నల్లటి రెక్కల మీద పసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుక వాటిలో మనకు తరచుగా కనిపించేది. అది లేత చిగురు మీద వాలీ వాలకుండా కాళ్లతో తడుముతూ తిరుగుతుంది. సీతాకోకచిలుక కాళ్లతోనే రుచి చూస్తుంది, ఇది తన పిల్లలు తినే ఆకేనా అని పరీక్ష చేసుకుంటోంది. ఆ ఒక్క మాట పిల్లలకు చెబితే వాళ్లు చెప్పులు తీసి ఆకుల మీద నడిచి చూస్తారు. నడవనివ్వండి. అరికాలికి ఎండుటాకు ఎలా ఉందో, పచ్చి ఆకు ఎలా ఉందో వాళ్లే చెబుతారు.

గుడ్డు ఆవగింజ కన్నా చిన్నగా, లేత పసుపు రంగులో, ముత్యంలా ఉంటుంది. చిగురు పైనా అడుగునా వెతకండి. కొద్ది రోజుల్లో పిల్ల పురుగు వస్తుంది. మొదట అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిట్టలు మోసపోవాలనే ఆ వేషం. పెరిగాక ఒకసారి కుబుసం విడిచి ఆకుపచ్చగా మారిపోతుంది. పుల్లతో మెల్లగా కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటికి పెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఇది కూడా ఒక్కసారి చాలు. దాని ప్రాణానికి అది భయం.

రోజుకు రెండుసార్లు వెళ్లి చూడాలి. ఎలా చూడాలన్నదే మనం నేర్పేది. ముందు దూరం నుంచి మొక్క మొత్తం చూడండి. తర్వాత నేల చూడండి. కింద నల్లటి గింజల్లాంటి రెట్టలు పడి ఉంటే పైన ఎక్కడో అది ఉన్నట్టే. అక్కడి నుంచి తల మెల్లగా ఎత్తుతూ ఒక్కో రెమ్మ వెతకండి. దొరికాక నోట్ పుస్తకంలో ఒక గీత గీయించండి, పురుగు ఎంత పొడుగుందో అంత. రేపు ఇంకో గీత. బొమ్మ బాగా లేదనీ, రంగు తప్పనీ అనవద్దు. నీలం పురుగు వేసిన బాబును "ఎందుకు నీలం?" అని నేనొకసారి అడిగాను. వాడు ఆ పుస్తకం మళ్లీ తీయలేదు. అప్పటి నుంచి బొమ్మల మీద నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

రెండు మూడు వారాలకు పురుగు తినడం మానేసి ఒక కాడ పట్టుకుని, నడుముకు దారం చుట్టుకుని, గూడుగా మారుతుంది. ఈ భాగమే పిల్లలకు కష్టం. వారం పది రోజులు ఏమీ కదలదు. "ఇవాళ ఏముంది చూడడానికి?" అని పిల్ల అడిగితే అబద్ధం చెప్పి ఆశ పెట్టకండి. "ఏమీ లేదు, అయినా ఒకసారి పలకరించి వద్దాం" అనండి. గూడు నల్లబడి లోపల రెక్కల రంగు లీలగా కనిపించిందంటే సమయం దగ్గరపడింది. ఎక్కువగా పొద్దునపూట బయటికి వస్తుంది. రెక్కలు నలిగిన కాగితంలా ఉంటాయి. అవి చాచుకుని ఆరేదాకా ముట్టకూడదు. ఆ రోజు స్కూలుకు కాస్త ఆలస్యమైనా పరవాలేదని నా అభిప్రాయం.

అందుకే మందు కొట్టవద్దన్నాను. ఆకులు కొన్ని పోతాయి. పప్పులోకి బజారు నుంచి తెచ్చుకుందాం.

ఆ తర్వాత పుస్తకం తెరవండి

చాలామంది ముందు పుస్తకం చూపించి తర్వాత తోటకు తీసుకెళ్తారు. నేను దీన్ని తిరగేస్తాను. ముందు కళ్లతో చూడాలి, తర్వాత పుస్తకంలో కలవాలి. పురుగును చేత్తో కొలిచిన పిల్ల పుస్తకంలో పురుగు బొమ్మ చూడగానే "మా దానికి మచ్చలు వేరేగా ఉన్నాయి" అంటుంది. ఆ మాటలో ధ్యాస ఉంది, జ్ఞాపకం ఉంది, పోల్చి చూసే తెలివి ఉంది.

చదివే పద్ధతి చెబుతాను. ముందు అట్ట మీద ఒక నిమిషం ఉండండి. పేజీ తిప్పాక అక్షరాలు వెంటనే చదవకండి. లోపల నెమ్మదిగా ఐదు లెక్కపెట్టండి. ఆ ఐదు అంకెల్లో పిల్లలు బొమ్మ చదువుతారు. మనం అక్షరాల వెంట పరిగెడుతుంటే మూల దాక్కున్న పిల్లిని వాళ్లు చూస్తారు. తర్వాతే చదవండి, అదీ ఇంట్లో మాట్లాడే మాటల్లోకి మార్చుకుని. మీ ఇంట్లో "సీతాకోక" అంటే అలాగే అనండి.

"ఇది ఏ రంగు? ఎన్ని ఉన్నాయి? నీతి ఏమిటి?" అని అడగవద్దు. పుస్తకం పరీక్ష అయిపోతే పిల్లలు మొహాలు చూడడం మొదలుపెడతారు, మనకు ఏ జవాబు నచ్చుతుందా అని. అడగాలనిపిస్తే "నీకు ఏం కనిపించింది?" అని ఒక్కటే అడిగి ఆగండి. జవాబు రాకపోయినా పేజీ తిప్పండి. ఒకే పుస్తకాన్ని ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ చదవండి. మనకు విసుగు వస్తుంది గానీ వాళ్లు ప్రతిసారీ అదే పుస్తకం చూడడం లేదు.

పేజీకి రెండు మూడు వాక్యాలు, బొమ్మకు చోటు, చివర నీతి వాక్యం లేని పుస్తకాలు ఎంచుకోండి. తెలుగులో ఇవి దొరకవన్నది నిజం కాదు. హైదరాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ తక్కువ ధరలకు పిల్లల పుస్తకాలు వేస్తోంది. 1957లో మొదలైన నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులోనూ పిల్లల పుస్తకాలు తెస్తుంది. చెన్నైలోని తులికా వారివి తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే పేజీలో ఉండేవి దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదవవచ్చు, దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు. ప్రింట్ తీయండి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కదలకుండా కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదనీ, ఎంత తక్కువైతే అంత మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన కథ ఆ గంటలోకి చేరనక్కర్లేదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. కరివేపాకు అక్కడ చలికి బతకకపోతే మీ వీధిలోని మేపుల్ చెట్టునే చూడండి. ఆకు రంగు మారడం పిల్లలతో రోజూ చూసి, వీడియో కాల్‌లో అమ్మమ్మకు తెలుగులో చెప్పించండి. అమ్మమ్మ ఇక్కడి వేపచెట్టు సంగతి చెబుతుంది. ఎదుటి మనిషికి కనిపించనిదాన్ని మాటల్లో పెట్టాలంటే పిల్లలు మరింత జాగ్రత్తగా చూడాల్సి వస్తుంది.

కోపం వచ్చినప్పుడు

"అల్లరి చేశావు కదా, పోయి మొక్క దగ్గర కూర్చో" అని ఎప్పుడూ అనవద్దు. ఆ రోజుతో మొక్క శిక్ష అయిపోతుంది. పిల్ల గట్టిగా ఏడుస్తున్నప్పుడు ఏదీ నేర్పలేం. ఎత్తుకోండి, దగ్గర కూర్చోండి. ఏడుపు తగ్గాక అరచేతిలో ఒక పూరేకు పెట్టి, అది జారకుండా వణికేంత మెల్లగా ఊదమనండి. మెల్లగా ఊదాలంటే ఊపిరి పొడవుగా వదలాలి, ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. ఇది మామూలు రోజుల్లో ఆటగా చాలాసార్లు ఆడి ఉండాలి. అప్పుడే కష్టం వచ్చినప్పుడు గుర్తొస్తుంది.

పిల్ల వారాల తరబడి సరిగ్గా నిద్రపోకపోయినా, భయాలు పెరిగినా, ఆటలు మానేసినా ఇలాంటి చిట్కాలతో ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

కాలాన్ని బట్టి

తొలకరి పడ్డాక జూన్, జూలైలో నేల తడిగా ఉన్న చోట ఎర్రటి మఖ్మల్ లాంటి ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. అగ్గిపెట్టెలో పెట్టుకునే అలవాటు మన చిన్నతనంలో ఉండేది, పిల్లలకు అది నేర్పకండి. నేల మీద చెయ్యి ఆనించి ఉంచితే అదే ఎక్కి దిగిపోతుంది. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని, ప్రపంచమంతా మామూలు జనం తమ చుట్టూ ఉన్న పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం జరుగుతుంది, నాలుగు రోజులు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట ఉండి కనిపించిన పిట్టలన్నీ లెక్కపెట్టి పంపవచ్చు. ఆరేడేళ్ల పిల్లలకు మనం కూడా లెక్కలో ఉన్నామన్న సంతోషం కలుగుతుంది. పారిజాతం చెట్టు దగ్గర్లో ఉంటే పూసే రోజుల్లో తెల్లవారుజామున ఒకసారి తీసుకెళ్లండి, పూలు రాలే చప్పుడు వినడానికి.

ముట్టకూడనివి

గన్నేరు, ఉమ్మెత్త మొక్కలు, గురివింద గింజలు విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఒళ్లంతా వెంట్రుకలున్న గొంగళి పురుగు తగిలితే దద్దుర్లు వస్తాయి. కరివేపాకు మీది పురుగు నున్నగా ఉంటుంది, తేడా చూపించి చెప్పండి. వానాకాలం గుబురు పొదల్లో చెయ్యి పెట్టనివ్వకండి. వచ్చాక సబ్బుతో చేతులు కడగాలి.

రాని సీతాకోకచిలుక

ఒకటి ముందే తెలిసి ఉండాలి. ప్రతి గూడులోంచీ సీతాకోకచిలుక రాదు. కొన్ని కందిరీగ జాతి పురుగులు తమ గుడ్లను ఈ పురుగుల్లోనో గూళ్లలోనో పెడతాయి. అలాంటి గూటికి చిన్న బెజ్జం పడి, లోపల డొల్ల మిగులుతుంది. మా ఇంట్లో మొదటిసారి అదే జరిగింది. మా చిన్నది తొమ్మిది రోజులు పలకరించిన గూడు అది. "అమ్మా, అది ఎందుకు రాలేదు?" అంది. "ఎగిరిపోయింది" అని చెప్పాలనిపించింది. బెజ్జం చూపించి జరిగింది జరిగినట్టే చెప్పాను. ఏడ్చింది. ఆ సాయంత్రం పుస్తకం ఏమీ తీయలేదు, ఇద్దరం మొక్క పక్కనే కూర్చున్నాం. మీ ఇంట్లో అలా జరిగితే వెంటనే ఇంకో గూడు వెతికి చూపించకండి. గూడు పిల్లే తీస్తానంటే తియ్యనివ్వండి, కుండీలో పూడుస్తానంటే పూడ్చనివ్వండి. మా చిన్నది నాలుగో రోజు పొద్దున తనంతట తనే లేచి వెళ్లి కొత్త చిగురు తిరగేసి చూసింది. ఆవగింజ కన్నా చిన్నవి, రెండు ఉన్నాయి.